నడవలేని మనిషికి నడక మందు రాసేస్తే ఎలా?

మోకాళ్ళు అరిగిపోయి ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళిన పెద్దవాళ్ళలో చాలామంది ఇంటికి తెచ్చుకునే మాట ఒకటే: "ముందు బరువు తగ్గి రండి, ఆపరేషన్ సంగతి తర్వాత చూద్దాం." ఎలా తగ్గాలని అడిగితే "రోజూ ఓ గంట నడవండమ్మా" అంటారు. గంట నడవగలిగితే ఆవిడ అక్కడికి ఎందుకు వస్తుంది? అమలాపురంలోనైనా, పాలకొల్లులోనైనా, తణుకులోనైనా ఆర్థో ఆస్పత్రి వరండాలో కాసేపు కూర్చుంటే ఈ సంభాషణ వినబడుతుంది. తగ్గమనడంలో తప్పు లేదు. ఒళ్ళు ఎక్కువుంటే మత్తు ఇవ్వడమూ కష్టమే, కుట్లు మానడమూ ఆలస్యమే, చీము పట్టే ప్రమాదమూ ఎక్కువే. తప్పల్లా ఆ రెండో వాక్యంలో ఉంది.

నేననేది ఇది: అరవై దాటి, కాళ్ళు సహకరించని మనిషి బరువు తగ్గాల్సింది వంటింట్లో. వ్యాయామం కూడా తప్పనిసరే గానీ దాని పని వేరు, ఉన్న కండ కరిగిపోకుండా కాపాడడం. ఈ రెండు పనుల్నీ కలిపి "నడవండి" అని ఒక్క మాటలో తేల్చేయడం వల్ల ఏమవుతోందంటే, పాపం నాలుగు వారాలు పట్టుదలగా నడుస్తారు, మోకాలు వాస్తుంది, కాటా మీద ముల్లు కదలదు, "నా ఒళ్ళు ఇంతే" అని మంచం ఎక్కేస్తారు. ఆ తర్వాత ఎవరు ఏం చెప్పినా వినరు. వినకపోవడంలో న్యాయం కూడా ఉంది.

నడక లెక్క

150 సెంటీమీటర్ల ఎత్తు, 78 కిలోల బరువు, 68 ఏళ్ళ వయసు ఉన్న ఒకావిడని అనుకుందాం. పొద్దంతా కుర్చీలోనూ మంచం మీదా గడుస్తుంది. బాత్రూముకీ, వంటింటికీ, వీధరుగు మీదికీ మాత్రం నడుస్తారు. పోషకాహార నిపుణులు వాడే మిఫ్లిన్ సూత్రం ప్రకారం ఆవిడ రోజంతా కదలకుండా పడుకున్నా ఒంటికి సుమారు 1200 కాలరీలు కావాలి. ఆ కాస్త కదలికా కలిపితే 1450. అంతకు మించి ఖర్చు లేదు. ఇంటినిండా మనుషులుండి, నూతిలో నీళ్ళు తోడి, పాడి చూసుకుని, పదిమందికి వండి వార్చిన రోజుల్లో ఖర్చు చాలా ఎక్కువ. ఒళ్ళు మారింది, పని మారింది, కంచం మాత్రం అప్పటిదే.

ఇప్పుడు నడక చూడండి. ఈ బరువున్న మనిషి నొప్పితో మెల్లగా పది నిమిషాలు నడిస్తే అదనంగా ఖర్చయ్యేది 25, 30 కాలరీలు. ఒక టీస్పూను నూనెలో 40 ఉంటాయి. అంటే వీధి చివరి దాకా పళ్ళ బిగువున వెళ్ళొచ్చిన శ్రమ, దొండకాయ వేపుడులో ఎక్కువైన ఒక్క చెంచా నూనెకి చాలదు.

ఇది ఊహ కాదు, కొలిచి చూసిన సంగతి. మోకాళ్ళ అరుగుదల ఉన్న, 55 పైబడిన 454 మంది మీద అమెరికాలో 18 నెలలు సాగిన ఐడియా అనే అధ్యయనం 2013లో వెలువడింది. వ్యాయామం మాత్రమే చేసినవాళ్ళు సగటున 1.8 కిలోలు తగ్గారు. తిండి మాత్రమే మార్చుకున్నవాళ్ళు 8.9 కిలోలు, రెండూ చేసినవాళ్ళు 10.6 కిలోలు తగ్గారు. వాళ్ళ తిండిలో భోజనానికి బదులు తాగే డబ్బా పొడులు కూడా ఉన్నాయి కాబట్టి ఆ అంకెలు మన ఇళ్ళలో యథాతథంగా రావు. కానీ ఏది ఎంత పని చేస్తుందన్న తేడా మాత్రం ఇక్కడా అదే. నొప్పి తగ్గడంలోనూ, నడక మెరుగుపడడంలోనూ రెండూ కలిపి చేసినవాళ్ళే ఎక్కువ బాగుపడ్డారు. అందుకే వ్యాయామం దండగ అని నేను అనడం లేదు.

ఇంగ్లీషు పుస్తకాల్లో రోజుకి 500 కాలరీలు తగ్గించమని ఉంటుంది. మన 68 ఏళ్ళావిడకి అలా తగ్గిస్తే మిగిలేది 950. ఆ తిండిలో ప్రొటీనూ, ఇనుమూ, కాల్షియమూ సరిపడా ఇమడ్చడం ఎవరివల్లా కాదు. 250 తగ్గించి 1200 దగ్గర నిలబెడితే చాలు. కిలో కొవ్వులో సుమారు 7700 కాలరీలుంటాయి కాబట్టి నెలకి ఒక కిలో లెక్క. ఆచరణలో ఆరు నెలలకి నాలుగైదు కిలోలు తగ్గితే బాగా జరిగినట్టే. ఒక్క కిలో తగ్గితే అడుగు వేసిన ప్రతిసారీ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. ఐదు కిలోలంటే ఇరవై కిలోల భారం. బాత్రూముకి వెళ్ళొచ్చేటప్పుడే ఆ తేడా తెలుస్తుంది.

"అమ్మ ఏమీ తినదండీ"

ఇంట్లోవాళ్ళు అబద్ధం చెప్పరు. అన్నం దగ్గర ఆవిడ నిజంగానే రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేస్తారు. చూడాల్సింది అన్నానికీ అన్నానికీ మధ్య. తెల్లవారుజామున కాఫీ, టిఫిన్ తర్వాత కాఫీ, పదకొండుకి ఎవరో వస్తే ఇంకో గ్లాసు, నాలుగింటికి టీ. చిక్కటి గేదెపాలు 100 మిల్లీలీటర్లలో దాదాపు 110 కాలరీలున్నాయి, రెండు చెంచాల పంచదారలో 40. ఒక్కో గ్లాసు 150 చొప్పున నాలుగు గ్లాసులు 600. రోజుకి పెట్టుకున్న 1200లో సగం అక్కడే అయిపోయింది, ఇంకా పళ్ళెం ముందు కూర్చోనే లేదు. దాంతోపాటు రెండు జంతికలు, చాయ్ బిస్కట్లు, సాయంత్రం దీపం పెట్టాక ప్రసాదం.

కాఫీ మానిపించక్కర్లేదు, మానిపిస్తే పోరాటం మొదలవుతుంది. పాలు కాచి చల్లార్చి మీగడ తీసేయండి, మళ్ళీ కాచి ఇంకోసారి తీయండి. మీగడతో కొవ్వు పోతుంది, ప్రొటీన్ పాలలోనే ఉంటుంది. గ్లాసుకి 50 మిల్లీలీటర్ల పాలు, మిగతా డికాషన్. పంచదార వారానికి పావు చెంచా చొప్పున తగ్గిస్తూ వస్తే నాలుక అంతగా గొడవ చెయ్యదు. రోజుకి రెండు గ్లాసులు. ఈ ఒక్క మార్పుతో మనకి కావాల్సిన 250 దాటిపోయి ఇంకా మిగులుతుంది.

తర్వాత నూనె. కొలవడానికి తేలిక మార్గం నెల లెక్క. మనిషికి నెలకి అర లీటరు అనుకుంటే రోజుకి సుమారు 15 గ్రాములు పడుతుంది, అది సరిపోతుంది. నలుగురుంటే రెండు లీటర్లు. నెల మొదట్లో విడిగా ఒక డబ్బాలో పోసి పెట్టుకోండి. ఇరయ్యో తారీకుకే డబ్బా ఖాళీ అయితే ఎక్కడ పోతోందో వెతకాలి. ఎక్కువగా పోయేది పోపులో. గరిటె మూకుట్లోకి వంచి "చాల్లే" అనుకునేటప్పటికి మూడు చెంచాలు పడిపోయి ఉంటాయి. కొలచెంచాతో పోస్తే అదే పోపు ఒక్క చెంచాతో వేగుతుంది, ఆవాలు చిటపటలాడ్డానికి అంతకంటే అక్కర్లేదు. వేపుళ్ళు వారానికి ఒకరోజుకి దించి, మిగతా రోజులు పులుసులు, ఇగుర్లు, పప్పుకూరలు వండుకోవచ్చు. ఆవకాయలో ముక్క వేసుకుని ఊట వదిలేయమంటే ఈ గోదావరి జిల్లాల్లో ఎవరూ వినరు, కనీసం ఆ ఊట అన్నం నిండా కలపకుండా ఉంటే మేలు. దాంట్లో నూనె ఒక లెక్క, ఉప్పు ఇంకో లెక్క. ఉప్పు ఎక్కువైతే కాళ్ళు నీరు పట్టి కాటా మీద బరువు పెరిగినట్టు కనబడుతుంది. కోనసీమలో కొబ్బరి కూడా లెక్కలోకి రావాలి. చెట్టున కాసేది కదా అని లెక్క కట్టరు గానీ, పచ్చికొబ్బరి కోరు రెండు పెద్ద చెంచాలంటే 50 కాలరీల పైమాటే. అదే కొబ్బరినీళ్ళయితే గ్లాసుకి 45 దాకా ఉంటాయి, ఫరవాలేదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం పొటాషియం వల్ల డాక్టరుని అడక్కుండా తాగకూడదు.

అన్నం సంగతి చివరికి ఉంచాను. డెల్టాలో పుట్టిన మనిషిని అన్నం మానేయమనడం సలహా అనిపించుకోదు. మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో విడుదల చేసిన స్వర్ణ బియ్యానికి గ్లైసీమిక్ ఇండెక్స్ (తిన్నాక రక్తంలో షుగరు ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే అంకె) కాస్త తక్కువని పరిశోధనల్లో తేలింది. షుగరున్నవాళ్ళకి అది మంచి వార్తే గానీ బరువుకి పనికిరాదు. ఏ బియ్యమైనా 100 గ్రాములకి 350 కాలరీలు కాస్త అటూఇటూగా ఉంటాయి. కాబట్టి రకం కంటే కొలత ముఖ్యం. కిరాణా కొట్లో 40 గ్రాముల బియ్యం తూకం వేయించి, ఒక చిన్న స్టీలు గ్లాసులో పోసి, ఎక్కడిదాకా వచ్చిందో మేకుతో గీత గీయండి. మధ్యాహ్నానికి ఒక గీత, రాత్రికి ముప్పావు గీత. వండితే ఒకటి వంద గ్రాముల పైన అన్నం అవుతుంది. పప్పులోకి రెండు ముద్దలు, కూరలోకి రెండు, మజ్జిగలోకి మిగిలింది. వరస మారదు, ముద్ద సైజు తగ్గుతుంది, పప్పూ కూరా మాత్రం మునుపటికంటే పెరుగుతాయి.

రాత్రి అన్నం మానేసి టిఫిన్ తింటున్నామని చాలామంది గర్వంగా చెబుతారు. దిబ్బరొట్టె మందంగా మూడు చెంచాల నూనెలో కాలుతుంది. మూడు అట్లు వేస్తే నూనె ఒక్కటే 120 కాలరీలు. శనివారం ఒంటిపూట పేరుతో జీడిపప్పు ఉప్మా మీద నెయ్యి వేసుకుని తినేది, మామూలు రోజు రాత్రి తినే పప్పన్నం కంటే ఎక్కువే ఉంటుంది. భక్తిని నేను తప్పుపట్టను, దాన్ని డైటింగ్ కింద రాయకండి అంటున్నాను.

ప్రొటీన్ దగ్గర మాత్రం చెయ్యి పెంచాలి. పెద్దవయసులో కిలో బరువుకి రోజుకి 1 నుంచి 1.2 గ్రాముల దాకా కావాలని నిపుణులంటారు. ఒళ్ళు బాగా ఉన్నవాళ్ళకి ఉన్న బరువుతో కాకుండా ఉండాల్సిన బరువుకి దగ్గరగా లెక్క వేస్తారు, మన ఆవిడకి 60 గ్రాములు అనుకోండి. పొద్దున్న 50 గ్రాముల పెసలు నానబోసి రుబ్బిన పెసరట్టు, ఒక చెంచా నూనెతో: 12 గ్రాములు. మధ్యాహ్నం 100 గ్రాముల శీలావతి లేదా బొచ్చె ముక్కలు, పులుసుగా: 18. నాలుగింటికి జంతికల బదులు 30 గ్రాముల శనగలు ఉడకబెట్టి: 6. రాత్రి 30 గ్రాముల కందిపప్పు ముద్దపప్పు: 7, ఒక గుడ్డు: 6. అన్నంలో, పాలలో, మజ్జిగలో కలిపి మిగతాది వచ్చేస్తుంది. దీనికి పావుకిలో ఆనపకాయో బీరకాయో పొట్లకాయో తోటకూరో చేరిస్తే మొత్తం 1200 పైన కాస్త. శాకాహారులైతే చేపకి బదులు మీల్ మేకర్ 25 గ్రాములు, దాంట్లో 13 గ్రాముల ప్రొటీన్ ఉంది. కంద, పెండలం, అరటికాయ వండిన రోజు వాటిని కూర కింద కాకుండా అన్నం కింద లెక్కేసుకుని గీత తగ్గించాలి. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళు ఈ ప్రొటీన్ లెక్క పాటించకూడదు, వాళ్ళకి ఎంతన్నది వాళ్ళ డాక్టరే చెప్పాలి.

గరిటె ఎవరి చేతిలో ఉంది

ఇంతవరకూ రాసిందంతా ఆ పెద్దావిడ చదివితే లాభం లేదు. సంతకి వెళ్ళేది ఆవిడ కాదు, పోపు పెట్టేది ఆవిడ కాదు, వడ్డించేదీ ఆవిడ కాదు. ఇంట్లో ఆ పనులన్నీ చేతులు మారిపోయాక, బరువు బాధ్యత మాత్రం ఆవిడ మీదే పెట్టి "తగ్గట్లేదు చూడండి" అనడం నాకు అన్యాయంగా కనబడుతుంది.

అలాగని కోడలి మీదికి తోసేస్తే అది ఇంకో అన్యాయం. అత్తగారికి గీత గ్లాసుతో కొలిచి అన్నం వండిన కోడలి పేరు పక్కింటి అరుగు మీద ఎలా మారుమోగుతుందో మనకి తెలియనిది కాదు: "ముసలావిడకి కడుపునిండా పెట్టట్లేదటండీ, కొలిచి పోస్తోందట." ఆదివారం హైదరాబాదు నుంచి వచ్చిన కొడుకు దారిలో తాపేశ్వరం కాజాల పొట్లం కట్టించుకొస్తాడు. వాడిది ప్రేమ, కోడలిది పిసినారితనం. అదే కొడుకు ఆర్నెల్ల కిందట పంపిన వ్యాయామం సైకిలు హాల్లో తువ్వాళ్ళు ఆరేసుకోడానికి పనికొస్తోంది.

నాకు సరైనదిగా తోచేది ఏమిటంటే, కొలత ఆవిడ చేతికే ఇవ్వాలి. గ్లాసు ఆవిడదే, గీత ఆవిడ ముందే గీయాలి, తన గిన్నెలోంచి తనే వడ్డించుకోవాలి. నూనె తగ్గించడం మాత్రం ఇంటిల్లిపాదికీ కలిపి జరగాలి. ఆవిడ ఒక్కదానికే చప్పిడి కూర విడిగా వండితే రెండో రోజుకే అలక మొదలవుతుంది. మా ఇంట్లో పేషెంటు అన్న బోర్డు నుదుటిన కట్టుకుని ఎవరు భోంచేస్తారు? వారానికి ఒక పూట ఏ లెక్కా లేకుండా ఇష్టమైనది తినేలా ముందే ఒప్పందం చేసుకోవాలి. అది ఏ పూటో ఆవిడే చెబుతారు. ఆత్రేయపురం పూతరేకు ఒకటి తింటే ఏ మోకాలూ విరగదు, అలవాటుగా రోజూ పోయే మూడు చెంచాల నూనె విరుస్తుంది.

దీనికి ఎదురుమాట ఒకటుంది, అది తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. ఈ కొలతలూ గీతలూ కలిసి ప్రేమ పేరుతో కాపలా అయిపోవా? అవుతాయి. చాలా ఇళ్ళలో అవుతున్నాయి కూడా. ఆవిడకి అక్కర్లేదంటే అక్కర్లేదనే. ఇన్నేళ్ళు ఇల్లు నడిపిన మనిషికి తన కంచంలో ఏముండాలో చెప్పే హక్కు కొడుక్కి షుగరు రిపోర్టు వల్ల రాదు.

మంచం మీంచి కుర్చీలోకి

ఇప్పుడు కండ సంగతి. 65 దాటిన స్థూలకాయుల మీద 2017లో అచ్చయిన ఒక అధ్యయనంలో 160 మంది ఉన్నారు. బరువు తగ్గుతూ నడక లాంటివి మాత్రమే చేసినవాళ్ళకి కొవ్వు కాని శరీర భాగం 5 శాతం పోయింది, బరువులెత్తే వ్యాయామం చేసినవాళ్ళకి 2 శాతమే పోయింది, రెండూ చేసినవాళ్ళకి 3 శాతం. పెద్దవాళ్ళు తిండి తగ్గించి ఏమీ చేయకపోతే కొవ్వుతోపాటు తొడ కండ కూడా పోతుంది. అప్పుడు బరువు తగ్గి కూడా లేవలేని మనిషి తయారవుతారు, ఆ తగ్గడం ఎవరికి కావాలి?

కాళ్ళు సహకరించనివాళ్ళకి అన్నిటికంటే పనికొచ్చే వ్యాయామం కుర్చీలోంచి లేవడం. ముందు నవారు మంచాన్ని పక్కన పెట్టండి. మధ్యలో గుంట పడిన మంచం మీంచి లేవడం మోకాలికి అన్నిటికంటే పెద్ద శిక్ష, తుంటి మోకాలి కంటే కిందికి దిగిపోతుంది. ప్లాస్టిక్ కుర్చీ గ్రానైట్ గచ్చు మీద జారుతుంది, వద్దు. చేతులున్న చెక్క కుర్చీ గోడకి ఆనించి వేయండి. మామూలు కుర్చీ 45 సెంటీమీటర్ల ఎత్తుంటుంది. దాని మీద గట్టి దిండో మడతపెట్టిన బొంతో వేసి 52, 55 దాకా లేపండి. ఎత్తు పెరిగితే మోకాలి మీద బరువు తగ్గుతుంది.

అంచుకి జరిగి కూర్చోవాలి. పాదాలు మోకాళ్ళ కంటే కాస్త వెనక్కి, భుజాలంత ఎడంగా. ముక్కు బొటనవేళ్ళ మీదికి వచ్చేదాకా ముందుకి వంగాలి. ఇక్కడే చాలామంది తప్పుతారు, భయపడి వీపు నిటారుగా పెట్టి లేవబోతారు, బరువంతా వెనకే ఉండిపోయి ధబ్బున కూలబడతారు. వంగాక మడమలతో నేలని తొక్కి, చేతులు కుర్చీ చేతుల మీద పెట్టి లేవాలి. లేస్తూ ఊపిరి వదలాలి, బిగబడితే బీపీ ఎగుస్తుంది. మోకాళ్ళు లోపలికి వాలకూడదు. కూర్చునేటప్పుడు నాలుగు అంకెలు లెక్కపెడుతూ దిగాలి, కండ పెరగడానికి ఈ దిగడమే ముఖ్యం. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకోవాలి, కాళ్ళకి హవాయి చెప్పులు ఉండకూడదు. ఐదుసార్లు లేచి రెండు నిమిషాలు ఆగి మళ్ళీ ఐదుసార్లు. వారం వారం ఒకటి పెంచుతూ పదికి వచ్చాక దిండు ఎత్తు రెండు మూడు సెంటీమీటర్లు తగ్గించాలి.

దీనికి తోడు కూర్చునే చేసేవి రెండు చాలు. ఒక గుడ్డ సంచిలో అరకిలో ఇసుక కుట్టి చీలమండకి కట్టి, కాలు తిన్నగా చాపి ఐదు లెక్కపెట్టి దించడం, కాలికి పదిసార్లు. పాత సైకిల్ ట్యూబు కిటికీ ఊచకి కట్టి రెండు చేతులతో పొట్ట వైపు లాగడం, పదిహేనుసార్లు. వారానికి మూడు రోజులు. నొప్పి కొద్దిగా రావచ్చు, అది మర్నాడు పొద్దున్నకి ఉండకూడదు. ఉంటే, లేదా మోకాలు వాస్తే, సగానికి తగ్గించాలి గానీ మానకూడదు. రోహిణీ కార్తెలో ఆరింటికి ముందే ముగించుకోవాలి. నీళ్ళలో నడవమని విదేశీ సలహాలు చెబుతాయి. మనకి ఇంటి ముందే కాలువ ఉంది, పాచి పట్టిన రేవు మెట్లూ ఉన్నాయి, దయచేసి ఆ ప్రయోగం వద్దు.

ఎవరూ మాట్లాడని విషయం మరుగుదొడ్డి. అది పెరట్లో ఉండి, కింద కూర్చునే రకమైతే, వర్షాకాలంలో మెట్లు జారుతుంటే, పెద్దవాళ్ళు నీళ్ళు తాగడం మానేస్తారు. దాంతో మలబద్ధకం, కళ్ళు తిరగడం, ఆకలికీ దాహానికీ తేడా తెలియక ఏదో ఒకటి నమలడం. కూర్చునే కమోడూ, గోడకి పట్టుకోడానికి ఒక స్టీలు కమ్మీ వేయించడం, నన్నడిగితే, ఏ వ్యాయామం యంత్రం కొనడం కంటే ముందు చేయాల్సిన ఖర్చు.

మందులు

తిండి తగ్గించే ముందు వాడే మందుల చీటీ డాక్టరుకి చూపించాలి. గ్లిమిపిరైడ్ లాంటి షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడుతూ అన్నం తగ్గిస్తే షుగరు పడిపోతుంది. చెమటలు, వణుకు వచ్చి షుగరు 70 కంటే కిందికి వస్తే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, పావుగంట తర్వాత మళ్ళీ చూడాలి. షుగరుకి వాడే ఇన్సులిన్, పయోగ్లిటజోన్, నరాల నొప్పులకి వాడే ప్రిగాబాలిన్, అమిట్రిప్టిలిన్ బరువు పెంచగలవు. కీళ్ళనొప్పులకి ఎవరో ఇచ్చిన పేరులేని పొట్లాల్లో, ఇంజెక్షన్లలో స్టెరాయిడ్లు ఉండొచ్చు. ముఖం గుండ్రంగా ఉబ్బి పొట్ట పెరుగుతుంటే అనుమానించాలి, కానీ ఒక్కసారిగా ఆపకూడదు, ప్రాణం మీదికి వస్తుంది. బరువు తగ్గేకొద్దీ బీపీ మాత్ర ఎక్కువైపోయి లేవగానే కళ్ళు తిరుగుతాయి, అదీ చూపించుకోవాలి.

బరువు తగ్గించే ఇంజెక్షన్లు మన ఊళ్ళకీ వచ్చేశాయి. వాటిలో ఒకటైన సెమాగ్లూటైడ్‌ని మోకాళ్ళ అరుగుదల ఉన్న స్థూలకాయులకి ఇచ్చి చూసిన అధ్యయనం 2024లో వచ్చింది. బరువు 13.7 శాతం తగ్గింది, నొప్పీ బాగా తగ్గింది. నాకు వాటి మీద వ్యతిరేకత లేదు. కానీ ఆకలి చచ్చిపోయిన పెద్దమనిషి ముందుగా వదిలేసేది పప్పూ చేపా, మిగిలేది మజ్జిగన్నం. అప్పుడు కండ ఇంకా వేగంగా పోతుంది. కాబట్టి ఇంజెక్షన్ వేయించుకున్నా కుర్చీ తప్పదు.

అందరూ తగ్గాలా

అక్కర్లేదు. ఎనభై దాటి, బక్కచిక్కిన చేతులతో, కాస్త పొట్ట మాత్రం ఉన్నవాళ్ళ జోలికి వెళ్ళొద్దు. వాళ్ళకి కావాల్సింది తిండి పెంచడం, కుర్చీలోంచి లేవడం. ప్రయత్నించకుండానే బరువు తగ్గుతుంటే సంతోషించకుండా పరీక్షలు చేయించాలి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. ముంగాలి ఎముక మీద వేలితో నొక్కితే గుంట పడుతుందేమో చూసి గుండెకో కిడ్నీకో చూపించాలి.

నిలబడలేనివాళ్ళని ఇంటి కాటా మీద గోడ పట్టుకుని తూస్తే తప్పు అంకె వస్తుంది. రైసుమిల్లులోనో, ఎరువుల కొట్లోనో, రొయ్యల కాటా దగ్గరో పెద్ద ప్లాట్‌ఫాం కాటా ఉంటుంది. దాని మీద కుర్చీ వేసి ఆవిడని కూర్చోబెట్టి, కుర్చీ బరువు తీసేస్తే సరి. నెలకి ఒకసారి, అదే కాటా, పొద్దున్నపూట. కుట్టుటేపుతో బొడ్డు దగ్గర నడుం చుట్టుకొలతా, పిక్క లావుగా ఉన్నచోట చుట్టుకొలతా తీయాలి. ఐదుసార్లు కుర్చీలోంచి లేవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడాలి, 12 లోపు ఉంటే బాగున్నట్టు. నాలుగు అంకెలూ క్యాలెండరు మీద రాసుకోండి. బరువూ నడుమూ తగ్గి పిక్క అలాగే ఉంటే పోతున్నది కొవ్వే, సాగనివ్వండి. పిక్క ఆడవాళ్ళకి 33 సెంటీమీటర్ల కంటే, మగవాళ్ళకి 34 కంటే తక్కువుంటే, లేదా నెలనెలా తగ్గుతూ లేవడానికి పట్టే సెకన్లు పెరుగుతుంటే, తగ్గించడం అక్కడికి ఆపేసి గుడ్డూ పప్పూ పెంచాలి. మూడు నెలల తర్వాత బరువు కదలకుండా ఆగిపోతే కంగారు పడక్కర్లేదు, తగ్గిన ఒంటికి ఖర్చు కూడా తగ్గింది. ముందు నూనె డబ్బా చూడండి, తర్వాత గీత గ్లాసు ఇంట్లో ఎవరైనా మార్చేశారేమో చూడండి.